చెన్నపట్టణపు ఉత్సవములు - చిత్రనటులు



ఉత్సవము లేని నగరము లేదు. నగరమనగా ఇండ్లును వీథులును మాత్రమే కాదు. ఆ వీథులలో జనులెల్లరు ఒక్కచోట గూడి, ఒక్కని మీదనో ఒక్క వస్తువు మీదనో చూపు నిలిపిన దినములు కొన్ని యుండును. ఆ దినములను వరుసగా చెప్పినచో ఆ నగరచరిత్రలో సగము చెప్పినట్లే యగును. ఈ దినమున నేను చెన్నపట్టణపు ఉత్సవములలో చిత్రనటులకు గల స్థానమును గూర్చి మనవి చేయదలచితిని. నేను చిత్రవిమర్శకుడను కాను. ముప్పదిరెండేండ్లు బాలబాలికలకు వ్యాకరణమును ఛందస్సును బోధించి విశ్రాంతి గొన్నవాడను. అయినను ఆ నగరముననే ఉద్యోగము చేసితిని గనుక, చూచినదియు చదివినదియు కొంత కలదు.

నాట్యమునకును ఉత్సవమునకును గల చుట్టరికము క్రొత్తది కాదు. నాట్యశాస్త్రము చెప్పునట్లు, మొదటి నాటకము ప్రదర్శింపబడినది ఇంద్రధ్వజ మహోత్సవమున. దేవతలు దైత్యులను గెలిచిన కథ యది. ఓడినవారు దానిని చూచి కోపించి విఘ్నములు కలిగింపగా, ఇంద్రుడు ఆ ధ్వజమునే చేత బట్టి వారిని నుగ్గుచేసెనట. పిదపనే విశ్వకర్మ నాట్యగృహమును నిర్మించెనట. అనగా మొదటి ప్రదర్శనము నాడే మూకను అదుపులో నుంచుట యను చిక్కు పుట్టినదన్నమాట. ఆ గ్రంథము చివరనే, నటులు ఋషులను వెక్కిరించి శాపము పొందిన కథయు కలదు. ఇక మనుస్మృతి యందు సాక్ష్యమునకు పనికిరానివారిని పేర్కొనుచో రాజును, కుశీలవుని, అనగా నటుని, ఒక్క శ్లోకముననే చేర్చిరి. కారణములు వేఱైయుండవచ్చును. కాని రాజును నటుడును ఒక్క పంక్తిని కూర్చుండుట చదువుకొను దినములలో నాకు వింతగా తోచెడిది. చెన్నపట్టణము చేరిన పిదప వింతగా తోచలేదు.

1639లో ఇంగ్లీషువారు కోటకు చోటు సంపాదించిన నాటినుండి ఆ నగరము పెరిగినది. దామెర్ల చెన్నప్పనాయకుని పేర వెలసినది గనుక దానికి చెన్నపట్టణమని పేరు. పూర్వము అచటి ఉత్సవములు రెండు తెఱగులు. మొదటివి దేవతలవి. మైలాపురమున కపాలీశ్వరునకు ఫాల్గుణోత్సవము, అందు అఱువదిమువ్వురు నాయనార్ల ఊరేగింపు. తిరువళ్లిక్కేణిలో పార్థసారథికి రథోత్సవము. చెన్నకేశవుని కోవెలనుండి ఏటేట తిరుమలకు సాగిపోవు గొడుగుల ఊరేగింపు. రెండవవి పాలకులవి. గవర్నరు వచ్చిన దినము, పోయిన దినము, రాణికి జూబిలీ. మన దత్తమండలములవారికి చిరపరిచితుడైన సర్ థామస్ మన్రో గుఱ్ఱముపై కూర్చున్న విగ్రహమును 1839లో నిలిపిరి. దేవుని జనులు తమంత తాము చూడవచ్చెడివారు; దొరను చూచుటకు మాత్రము పిలువబడి వచ్చెడివారు.

ఈ రెంటికిని నడుమ మూడవదానికి చోటు చేసినది విక్టోరియా పౌరమందిరము. 1883లో విజయనగర ప్రభువు పూసపాటి ఆనందగజపతి దానికి శంకుస్థాపనము గావించిరి. రాణిపేర వెలసిన ఆ మందిరములో సభలు జరిగినవి, నాటకములు జరిగినవి. 19వ శతాబ్దము ముగియకముందే చలనచిత్రమును గూడ చెన్నపురివాసులు ఆ కప్పు క్రిందనే చూచిరి. మన బందరు వాడైన రఘుపతి వెంకయ్య నగరమున ఛాయాచిత్రములు తీయు వృత్తిలో నుండి, యంత్రము తెప్పించి బొమ్మలు చూపి, 1914లో గెయిటీ యను చిత్రశాలను కట్టించెను. నగరమున భారతీయుడు కట్టించిన మొదటి చిత్రశాల యదియే. రాజసభ, నాటకశాల, చిత్రశాల - ఈ మూడింటికి నడుమ గోడ ఆనాడే పలుచనైనది.

1931 అక్టోబరు నెల. బొంబాయిలో ఆర్దేషిర్ ఇరానీ నిర్మింపగా మన హెచ్. ఎం. రెడ్డి దర్శకత్వము వహించిన ‘కాళిదాసు’ చిత్రపు పెట్టె ధూమశకటములో చెన్నపట్టణము సెంట్రల్ స్టేషనుకు వచ్చెను. మాటలాడు బొమ్మ యని వినియున్న జనము వేలకొలదిగా స్టేషనుకడ గూడిరి. ఆ పెట్టెను వాల్ టాక్సు వీథి వెంబడి కినిమా సెంట్రల్ వఱకు ఊరేగింపుగా కొనిపోయిరి. దారి పొడవున పూలు చల్లిరి, కొబ్బరికాయలు కొట్టిరి, కర్పూరము వెలిగించిరి. ఆ చిత్రమున నాయిక టి. పి. రాజలక్ష్మి తమిళమున పలుకగా నాయకుడు తెలుగున బదులు చెప్పెడివాడు. దానిని చూచి నవ్వినవారు ఉండవచ్చును గాని, ఆనాటి చెన్నపట్టణము వీథిలో సంభాషణము జరుగు తీరు సరిగా అదియే. ఇచట గమనింపవలసినది మఱియొకటి కలదు. ఆ దినమున ఊరేగినది నటుడు కాదు, పెట్టె. ఉత్సవమూర్తికి చేయు మర్యాదలన్నియు జనులు ఎవరును చెప్పకయే ఆ పెట్టెకు చేసిరి. మూర్తి పెట్టెలోనుండి బయటికి వచ్చుటకు ఎంతయో కాలము పట్టలేదు.

ఈ పూజ ఎంత నిలుకడ లేనిదో పదునాలుగేండ్లలోపలనే తేలినది. 1944లో త్యాగరాజ భాగవతారు నటించిన ‘హరిదాస్’ చిత్రము బ్రాడ్వే చిత్రశాలలో మొదలై మూడు దీపావళులు చూచెను. ఆ కాలములో అధికభాగము భాగవతారు చెఱలో నుండెను. హాస్యనటుడు ఎన్. ఎస్. కృష్ణన్ గూడ అదే హత్యాభియోగమున చిక్కి ఆయనతోడనే చెఱకు పోయెను. తెరమీది మనుష్యునకు నిత్యోత్సవము, నిజమైన మనుష్యునకు కారాగృహము. 1947లో ఇరువురును నిర్దోషులని విడుదలయైరి. భాగవతారునకు మునుపటి వైభవము మరల రాలేదు, 1959లో గతించెను. కృష్ణనును జనులు మరల చేరదీసిరి. చేతికి వచ్చినది చేతినుండి పంచిపెట్టువాడని ఆయనకు పేరు. ఆయన 1957లో గతింపగా, త్యాగరాయనగరమున ఆయన విగ్రహమును 1969 జనవరిలో ముఖ్యమంత్రి అన్నాదురై ఆవిష్కరించిరి. వ్యాధిగ్రస్తుడైయున్న అన్నాదురై పాల్గొన్న చివరి బహిరంగ సభ యదియే. తరువాతి నెలలోనే ఆయన అంత్యయాత్రను చూచుటకు నగరము ఎఱుగనంతటి జనము కూడినది.

త్యాగరాయనగరము తెలుగువారి జ్ఞాపకములు గల పేట. ఆ పేరు పిట్టి త్యాగరాయశెట్టిది. దాని నడుమనున్న ఉద్యానము ముఖ్యమంత్రిగా నుండిన పానగల్లు రాజా రామరాయణింగారి పేరిటిది. ఆ ఉద్యానములో చిత్తూరు నాగయ్య విగ్రహమును నిలిపిరి. పోతన, త్యాగయ్య, వేమన - ఈ మువ్వురిని తెలుగుదేశము నాగయ్య ముఖముననే చూచినది. 1965లో ఆయనకు పద్మశ్రీ బిరుదము వచ్చెను. దక్షిణదేశపు చిత్రనటులలో మొదట దానిని పొందినవాడు ఆయనయే. లక్షలు గడించి, అడిగినవారికి లేదనక యిచ్చి, 1973 డిసెంబరు 30న పేదవాడుగా కన్నుమూసెను. ఒకే పేటలో ఇద్దఱు నటుల విగ్రహములు, ఇద్దఱును దాతలే. తెరమీద వెలిగినవారు నగరమున ఎందఱో కలరు. జనులు మొదట శిలలోను లోహములోను నిలుపుకొన గోరినది చేయి విప్పినవారిని.

ఇక నేను కన్నది. 1967లో మా పల్లెనుండి ఒక బస్సు తిరుపతికి బయలుదేరెను. మాది ఒంగోలు ప్రాంతము. నాకు తొమ్మిదేండ్లు. మా నాయనమ్మ మ్రొక్కు తీర్చుకొనవలెనని నన్ను వెంటబెట్టుకొనిపోయినది. కొండపై దర్శనమైన తరువాత బస్సు ఇంటిముఖము పట్టక చెన్నపట్టణపు దారి పట్టినది. ఆ దినములలో అది వాడుక. స్వామిని చూచినవారు స్వామివేషము వేసిన నందమూరి రామారావును గూడ చూడనిదే యాత్ర పూర్తియైనదని తలచెడివారు కారు. తెల్లవాఱకమునుపే బజుల్లా వీథిలో మావంటి బస్సులు నాలుగైదు నిలిచియున్నవి. గుండ్లు గీయించుకొన్న తలలు, చేతులలో లడ్డు పొట్లములు. ఆయన బయటికి వచ్చి, అందఱికిని నమస్కరించి, ఎచటినుండి వచ్చితిరని అడిగి, కారెక్కిపోయెను. మా నాయనమ్మ చెంపలు వేసికొన్నది. నేను ఆమెతో, “నాయనమ్మా, ఆయన దేవుడు కాడుగదా!” అంటిని. ఆమె నవ్వి, “నాకు తెలియదా నాయనా? ఉగాదినాడు మన కోవెలలో కృష్ణవేషము కట్టువాడు మంగలి సుబ్బడని తెలిసియే గదా హారతి పట్టుదుము. వేషమునకు దండము, మనిషికి దయ” అన్నది. పల్లెటూరి ముసలమ్మలు మోసపోవుచున్నారని వ్రాయువారిని చదివినప్పుడెల్ల నాకు ఆ మాటయే జ్ఞాపకము వచ్చును. మూఢులని మనమనుకొనువారికి వేషమునకును మనిషికిని గల భేదము చక్కగా తెలియును. ఆ భేదమును మఱచువారు తఱచుగా వేదికమీద నుందురు.

ఆ వేషమునకు గల ఆకర్షణము మంచికిని ఉపయోగపడెను. 1952లో రాయలసీమలో కఱవు వచ్చినప్పుడు రామారావు మొదలగు నటులు ఊరూర తిరిగి జోలె పట్టిరి. 1960 దశకారంభమున ఎం. జి. రామచంద్రన్ చెన్నపట్టణమున రిక్షా లాగువారికి వానకోటులు పంచిపెట్టెను.  1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచివేయగా రామారావును అక్కినేని నాగేశ్వరరావును వీథులవెంట నడచి సహాయము కూర్చిరి. ఇవన్నియు ఉత్సవములే, వాద్యములు, దండలు, త్రోపులాటలు అన్నియు నుండినవి. కాని ఉత్సవము ముగిసిన మఱునాడు ఒకనికి కోటు, ఒకనికి గంజి మిగిలినవి.

పిదప నటులు సభలకు పిలువబడుట మాని తామే సభలు పిలువసాగిరి. 1967 జనవరి 12న రామచంద్రన్ తుపాకిగుండు దెబ్బ తినెను. మెడకు కట్టుతోనున్న ఆయన బొమ్మ గోడలమీద కెక్కెను. ఆ యెన్నికలలో ఆయన కక్షి గెలిచెను. 1977లో ఆయనయే ముఖ్యమంత్రి యయ్యెను. 1983 జనవరి 9న రామారావు హైదరాబాదులో లాల్ బహదూర్ క్రీడారంగమున బహిరంగముగా ప్రమాణము చేసెను. మనువు ఒక్క శ్లోకమున చేర్చిన ఇరువురును ఒక్క శరీరమున చేరిరి.

అదే సంవత్సరము మే 25న చెన్నపట్టణమున జరిగిన సభ నా దృష్టిలో ఈ చరిత్రకంతకును శిఖరము. ఆ దినమున ప్రధానమంత్రి ఇందిరాగాంధీ తెలుగుగంగ పథకమునకు ప్రారంభోత్సవము చేసిరి. ఆమెతోడ వేదికపై రామారావు, రామచంద్రన్ ఉండిరి. కృష్ణలో మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రరాష్ట్రములు మూడును తలకొక 5 శతకోటి ఘనపుటడుగుల నీరు విడిచిపెట్టి, దారిలో ఇంకిపోవు 3 పోగా 12 శతకోటి ఘనపుటడుగులు చెన్నపురికి చేర్చవలెనని ఒడంబడిక. తెరమీద రాజులుగా నటించినవారిరువురు ఒక నగరపు దాహమును తీర్చుటకు ఒక్క వేదిక నెక్కిరి. కాలువ త్రవ్వుటకు ఏండ్లు పట్టెను. కృష్ణజలము తమిళదేశపు సరిహద్దు చేరినది 1996లో. అప్పటికి ఆ వేదికపైనుండిన మువ్వురిలో ఒక్కరును జీవించియుండలేదు. ఇందిర 1984లోను, రామచంద్రన్ 1987లోను, రామారావు ఆ 1996 జనవరిలోనే గతించిరి. దండలు వాడిపోయినవి, నీరు వచ్చినది. వేసవిలో కుండలు వరుసగా పెట్టుకొని లారీనీటికి కాచుకొన్నవాడనగుటచే ఆ నీటి విలువ నాకు తెలియును.

అన్ని ఉత్సవములకును ఇట్టి మఱునాడు లేదు. 1987 డిసెంబరులో రామచంద్రన్ అంత్యయాత్రనాడు నగరము శోకించినది. దుకాణములు దోచినవారును కలరు, ప్రాణములు తీసికొన్న అభిమానులును కలరు. కడలితీరమున సమాధులు ఒకదాని ప్రక్కన ఒకటి లేచినవి. 2016లో జయలలితకు గూడ అచటనే చోటు చేసిరి. శివాజీ గణేశన్ విగ్రహమును 2006లో కడలివీథిలో వైభవముగా నిలిపిరి. బండ్ల రాకపోకలకు అడ్డమని న్యాయస్థానము ఉత్తరువీయగా 2017లో దానిని తొలగించి అడయారులోని స్మారకమందిరమునకు చేర్చిరి. 2019లో సెంట్రల్ స్టేషనుకే రామచంద్రన్ పేరు పెట్టిరి. 1931లో పెట్టె దిగిన స్టేషను అదియే. పెట్టె దిగినచోట పేరు నిలిచినది.

ఇంతవఱకు పెద్దల సంగతి చెప్పితిని. ఒక చిన్న ఉత్సవమును గూడ చెప్పి ముగించెదను. అందులో నా దోషము కొంత కలదు. నేను పనిచేసిన పాఠశాల నగరపు ఉత్తరభాగమున, కూలిపనులవారు కాపురముండు పేటలో నుండెడిది. తెలుగు చదువు బాలురు ఏటేట తగ్గుచుండిరి. రెండు గదులకు కప్పు లేదు. వార్షికోత్సవమునకు ఒక చిత్రనటుని పిలిచినచో చందాలు వచ్చునని సలహా యిచ్చినవాడను నేనే. పోయి పిలిచినవాడనును నేనే. ఉదయము తొమ్మిదింటికి వత్తునన్న ఆయన పండ్రెండున్నరకు వచ్చెను. అంతవఱకు పిల్లలు ఎండలో పూలు పట్టుకొని నిలిచిరి. ఒక బాలిక సొమ్మసిల్లి పడిపోయెను. ఆమె ఆ దినమున వేదికమీద చదువుటకు ఇరువది పద్యములు నెలరోజులు శ్రమించి కంఠస్థము చేసినది. నటుడు నాలుగు మాటలాడి, దండ తీసి బల్లపై నుంచి, పోయెను. ఆయనతోడనే జనమును పోయెను. పద్యములు వినుటకు ఎవరును మిగులలేదు. మఱునాడు ఆ బాలిక నా యొద్దకు వచ్చి, “అయ్యవారూ, పద్యములు ఇంక మఱచిపోవచ్చునా?” అని అడిగినది. నేను బదులు చెప్పలేకపోయితిని.

ఐనను నిజము చెప్పవలెను. ఆ దినమున వచ్చిన చందాలతోనే ఆ గదులకు కప్పు పడినది. ఆ కప్పు క్రింద నేను పదునాలుగేండ్లు పాఠము చెప్పితిని. తరువాతి యేడు ఎవరిని పిలువక, బడి ఊడ్చి గంట కొట్టు ముసలమ్మచేత దీపము వెలిగింపించి ఉత్సవము చేసితిమి. ఆ బాలిక ఇరువది పద్యములును చదివినది. వచ్చినవారు వెనుకటి యేటిలో మూడవ వంతు. చందా పలుకలకును సుద్దకును మాత్రము చాలినది. ఏ యుత్సవము మేలని నన్నడిగినచో, ఎండవేళ కప్పును చూచి ఒక మాటయు, ఆ బాలికను తలచి మఱియొక మాటయు చెప్పుదును.

కావున నటులను సభలకు పిలువరాదని నేను చెప్పను. భరతుని కాలమునుండి నటుడు ఉత్సవమున కంగమే. అయితే కొలతబద్ద యొకటి వలయును. ఉత్సవము నాటి జనసంఖ్య దానికి కొలత కాదు. మఱునాడు మిగిలినదే కొలత. ఒక్కొక్కప్పుడు నీరు మిగులును, కప్పు మిగులును. ఒక్కొక్కప్పుడు ఏమియు మిగులదు. 2024 డిసెంబరు 4వ తేది రాత్రి హైదరాబాదులో సంధ్య చిత్రశాలకడ, నటుడు వచ్చెనని జనము త్రొక్కులాడగా ఒక తల్లి మరణించెను, ఆమె కుమారునకు ప్రాణాపాయమైన గాయములయ్యెను. ఇంద్రధ్వజము నాటి మూక నేటికిని అదుపునకు రాలేదు. విశ్వకర్మ నాట్యగృహము కట్టినది నటునికొఱకు మాత్రమే కాదు, చూడవచ్చినవాడు క్షేమముగా ఇల్లు చేరుటకు గూడ నని సభలు సమకూర్చువారు తలపోయవలెను.

మా నాయనమ్మ మాటయే మరల చెప్పెదను. వేషమునకు దండము, మనిషికి దయ. ఆ దయ వేదికమీది మనిషికి ఎంతయో, వేదిక క్రింద ఎండలో నిలిచిన మనిషికిని అంతయే.

స్వస్తి.